బావ వేయించుకున్న ఒట్లు

కుట్టు దుకాణం, మా వీధి చివర

ఒరేయ్ బక్కోడా,

ఉత్తరమేమిటి, అక్క ఫోన్ పాడైందా అనుకుంటావు. ఫోన్ బాగానే ఉంది. మా ఇంటి సంగతి నీకు తెలియనిదా? కింద బేకరీ, పైన రెండు గదులు. నేను పైన దగ్గితే కింద రొట్టె కొనుక్కునేవాళ్లు మందు పేరు చెబుతారు. అందుకని బడిపిల్లల యూనిఫారాలు పక్కకి నెట్టి, మిషన్ బల్ల మీదే ఇది రాస్తున్నాను.

నడుము చుట్టూ పొక్కులు లేచాయని చెప్పాను కదా. వేడి చేసి ఉంటుంది, నీళ్లు బాగా తాగు అన్నావు. అది వేడి కాదు. డాక్టరమ్మ చూసి, ఈ వయసులో ఇవి ఇంతలా రాకూడదే అని రక్తం తీయించింది. నాకు హెచ్ఐవి ఉందట.

రాసేశాను. ఈ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి. నేను ఏడుపు మొదలుపెట్టే లోపలే కుర్చీ లాగి కూర్చోబెట్టి సంగతంతా విడమరిచి చెప్పింది. తెల్లకణాల్లో సీడీ ఫోర్ అని ఒక రకం ఉంటాయట. ఒంట్లోకి రోగం చొరబడితే ముందుగా కేక పెట్టి మిగతావాటిని లేపేవి అవే. మామూలు మనిషికి అయిదొందలకి పైనే ఉంటాయట. ఈ వైరస్ సరిగ్గా వాటినే తింటుంది. నాకు మూడొందల పది మిగిలాయి. "ఇది చావు కబురు కాదమ్మా. రోజుకో మాత్ర, మానకుండా వేసుకో. మనవల్ని ఎత్తుకుంటావు" అంది. రెండొందల కిందకి దిగిపోయాక వచ్చేవాళ్లే ఎక్కువట, వాళ్లని నిలబెట్టడానికి తల ప్రాణం తోకకొస్తుందట. నేను ముందే దొరికానని తెగ సంతోషపడింది. ఆవిడ సంతోషం చూసి నాకు నవ్వొచ్చింది, అంత దుఃఖంలోనూ.

పిల్లకి, మన చిట్టికి కూడా పరీక్ష చేశారు. దానికేమీ లేదు. ఆ మాట వినేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో నాకు గుర్తు లేదు.

మీ బావకి చెప్పాను. రొట్టెల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని దించలేదు, నా వైపు చూడలేదు. "సరే, మందు వేసుకో" అన్నాడు. మీరూ చూపించుకోండి అంటే, "నాకేం, దుక్కలా ఉన్నాను" అన్నాడు. ఎవరి నుంచి ఎవరికి అన్న మాట నేను ఎత్తలేదు. ఎత్తి ఏం సాధిస్తాను? పదేళ్ల కాపురంలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నిన్ను సొంత కొడుకులా చూశాడు. ఆ లెక్క కూడా ఉంటుంది కదా.

జవాబు దుకాణం చిరునామాకే రాయి. ఏడవకు. ఏడిస్తే ముక్కు ఎర్రబడి ఇంకా వికారంగా ఉంటావు.

అక్క

*

సైకిల్ షాపు మీది గది

అక్కా,

నీ ఉత్తరం లిఫ్టు పైకప్పు మీద కూర్చుని చదివాను. అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఆపి, తాళ్లకి గ్రీజు పెడుతున్నాను. చదివాక కిందికి దిగడం ఎలాగో కాసేపు మర్చిపోయాను. కింద జనం తలుపు బాదుతున్నారు. ముక్కు ఎర్రబడిందా లేదా చెప్పడానికి అక్కడ అద్దం లేదు.

నేను లిఫ్టులు చూసే పెద్దాసుపత్రి నాలుగో అంతస్తులో ఈ జబ్బుకి విడిగా ఒక విభాగం ఉంది. అక్కడి నర్సు గారి లిఫ్టు ఎప్పుడూ ఇరుక్కుంటుంది కాబట్టి నేనంటే ఆవిడకి గౌరవం. మా చుట్టాలావిడకి అని అడిగాను. మీ డాక్టరమ్మ చెప్పిందే చెప్పింది. పెందరాళే పట్టుబడటం, మాత్ర ఏ రోజూ తప్పకపోవడం, ఒంట్లోకి క్షయ చేరకుండా చూసుకోవడం, కడుపునిండా తినడం. వీటన్నిటికన్నా ముఖ్యం ఇంట్లో ఒక మనిషికైనా తెలిసి ఉండటమట. దాచుకుని బతికేవాళ్లు మాత్రలు కూడా దాచుకుంటారు, దాచుకున్నవి మర్చిపోతారు అంది.

అందుకని బావని వదలకు. ఎలాగోలా పరీక్షకి తీసుకెళ్లు. చదువు మానేసి మార్కెట్లో మూటలు మోస్తానన్న నన్ను చెవి మెలిపెట్టి ఈ పని నేర్చుకోవడానికి పంపింది ఆయనే. ఆ చెవి ఇప్పుడు నేను మెలిపెట్టాల్సి వచ్చినా మెలిపెడతాను.

నువ్వు ధైర్యంగా రాశావు. నేను అంత ధైర్యంగా లేను. అబద్ధం రాయడం ఎందుకు?

తమ్ముడు

*

కుట్టు దుకాణం

బక్కోడా,

నాలుగొందల ముప్పై!

ఆరు నెలలకే ఇంత ఎక్కాయని డాక్టరమ్మ ఆ కాగితం తిప్పి తిప్పి చూసింది. వైరస్ అసలు లెక్కకి అందనంత తగ్గిందట. మొదట్లో ఆ మాత్ర వేసుకుంటే కళ్లు తిరిగేవి, పిచ్చిపిచ్చి కలలు. ఒక కలలో నువ్వు మా బేకరీ పొయ్యిలో లిఫ్టు పెట్టావు, రొట్టెలన్నీ మేడెక్కి వచ్చాయి. ఇప్పుడు కలలూ లేవు, కళ్లు తిరగడమూ లేదు. రవికెలన్నీ బిగుతయ్యాయి, నావి నేనే విప్పి కుట్టుకుంటున్నాను. దర్జీ ఒళ్లు చేస్తే ఎవరికీ ఖర్చు లేదని మా యజమానురాలు ఎగతాళి.

మీ బావే చిక్కాడు. ఎండల వల్ల, పొయ్యి దగ్గర పని వల్ల అంటాడు. పరీక్ష మాట ఎత్తితే లేచి కిందికి వెళ్లిపోతాడు. మొన్న గట్టిగా నిలదీశాను. ఆయన అన్న మాట ఇది: "ఆ క్లినిక్కు బల్లల మీద కూర్చునేవాళ్లలో సగం మంది పొద్దున్నే నా దగ్గర రొట్టె కొంటారు. నన్ను అక్కడ చూశాక నా చేతి రొట్టె ఎవడు తింటాడు?"

రొట్టెతో ఈ జబ్బు రాదండీ అన్నాను. "నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకి తెలుసా?" అన్నాడు.

అక్క

*

సైకిల్ షాపు మీది గది

అక్కా,

నాలుగొందల ముప్పై చదివి సైకిల్ షాపు ముసలాయన్ని కావలించుకున్నాను. ఎందుకో ఆయనకి తెలియదు. పెళ్లి కుదిరిందా అని అడిగాడు.

బావ వచ్చి వెళ్లాడు. పిండి కలిపే యంత్రానికి బెల్టు కావాలన్నాడు. రెండు రోజులు నా గదిలోనే ఉన్నాడు. నా వంట తిని, "లిఫ్టులు బాగుచేస్తావు సరే, నీ చేతి కూర ఎవరు బాగుచేస్తారు?" అన్నాడు. కలిసి తిరిగాం, చాలా మాట్లాడుకున్నాం.

బావ గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. ఎందుకని అడక్కు. పెట్టుకోకు, అంతే. ఆయన్ని పరీక్ష అని మరీ పోరు పెట్టకు. నీ మాత్ర నువ్వు వేళకి వేసుకో. మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

తమ్ముడు

*

కుట్టు దుకాణం

తమ్ముడూ,

బెంగ పెట్టుకోవద్దన్నావు. సరే.

బడులు తెరిచే రోజులు, చేతినిండా పని. అందుకే ఇన్నాళ్లూ రాయలేదు. చిట్టికి పై పళ్లు రెండూ ఊడాయి. బేకరీ బాగానే సాగుతోంది. బావ బాగానే ఉన్నాడు.

ఈసారి లెక్క మూడొందల యాభై వచ్చింది. కొంచెం తగ్గింది. మొన్న జ్వరం వచ్చింది కదా, దానివల్ల అయి ఉంటుంది. నువ్వేమీ ఆ నర్సుని అడగక్కర్లేదు.

అక్క

*

సైకిల్ షాపు మీది గది

అక్కా,

అడగక్కర్లేదన్నావు, అడిగాను.

జ్వరానికో జలుబుకో కొంత తగ్గుతుంది, మళ్లీ ఎక్కుతుందట. కానీ బాగా పెరిగిన లెక్క ఇలా జారిందంటే వైరస్ లెక్క కూడా చూడాలి, చూశారా అని అడిగింది. చూశారా? ఏదైనా మాత్ర తప్పిందా? వాంతి అయిందా? వేరే ఎవరైనా పసరు మందు, పొడి మందు ఇచ్చారా? దగ్గు ఉందా? రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? భోజనం సరిగ్గా చేస్తున్నావా, లేక అందరికీ పెట్టి గిన్నె గీకి తింటున్నావా?

కోప్పడకు. నీ ఉత్తరం నీలా లేదు. చిట్టి పళ్లు ఊడటం గురించి నువ్వు ఒక్క వాక్యంలో రాయవు. పేజీ రాస్తావు. వెక్కిరిస్తావు. ఎవరో చెబుతుంటే రాసినట్టుంది. ఏం జరుగుతోంది అక్కా?

తమ్ముడు

*

కుట్టు దుకాణం

తమ్ముడూ,

నువ్వు నా తమ్ముడివా, పోలీసువా?

అక్కడ డాక్టరమ్మ విచారణ, ఇక్కడ నీ విచారణ. ఖాళీ డబ్బా తెమ్మంటే తీసుకెళ్లాను. ఒక్క మాత్ర మిగలకుండా వేళకి ఖాళీ అయింది. "డబ్బా చూస్తే నువ్వు మానలేదు. రక్తం చూస్తే మానేశావు. నేను దేన్ని నమ్మాలమ్మా?" అని అడిగింది. లెక్క రెండొందల నలభైకి దిగింది. వైరస్ మళ్లీ లెక్కకి అందుతోంది. మందుకి అది అలవాటు పడిపోయి ఉండొచ్చట. ఇంకో పెద్ద పరీక్షకి రక్తం బయటికి పంపారు.

నేను ఏ పసరూ తాగలేదు. ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. ఇంతకన్నా నన్ను అడక్కు. నీకు దండం పెడతాను.

మీ బావకి దగ్గు. సిగరెట్లు ఎప్పుడో మానేశాడు, పిండి దుమ్ము వల్ల అంటాడు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది ఒంటి మీద. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నా" అంటాడట కదా. నమ్మకు.

అక్క

*

సైకిల్ షాపు మీది గది

అక్కా,

బావని వెంటనే డాక్టరమ్మకి చూపించు. బెల్టూ వద్దు, బేకరీ వద్దు. మూసెయ్యి. దగ్గు ఎన్నాళ్లుగా ఉంది? చిక్కడం ఎప్పటి నుంచి? ఆయన ప్రతి నెలా

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. వెలుతురుకి పట్టుకుని చదవడానికి చూడకు. కనపడకుండా గట్టిగానే కొట్టేశాను. నేను ఒకరికి మాట ఇచ్చాను.

నిన్న నాలుగో అంతస్తుకి వెళ్లి నర్సుని ఒక సంగతి అడిగాను. పేషెంట్ల సంగతులు బయటివాళ్లకి చెప్పకూడదంది. నా మొహం చూసి మాత్రం, "మీరు తీసుకొచ్చినాయన్ని ఈసారి మీరే తీసుకురండి" అంది.

బావని అడుగు. నేను అడగమన్నానని చెప్పి అడుగు.

తమ్ముడు

*

ఆసుపత్రి, మగవాళ్ల వార్డు బయటి వరండా

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఆయన్ని అడిగే వేళ దొరకలేదు. మంగళవారం పొద్దున రొట్టెలు తీస్తూ పొయ్యి ముందే పడిపోయాడు. ఊపిరితిత్తుల్లో క్షయ. మెదడు పొరకి కూడా పాకిందట. మాట తడబడుతోంది, ఉన్నట్టుండి చిట్టి పేరుతో నన్ను పిలుస్తాడు. సీడీ ఫోర్ ముప్పై ఎనిమిది.

ఫోన్ చెయ్యకు, ఎత్తి మాట్లాడలేను. ఇది చదువు. చదివి ఆదివారానికి రా.

నేను ఒక్క రోజూ మాత్ర మానలేదని రాశాను. అది నిజం. కానీ వేసుకున్నది సగం మాత్ర.

నీ దగ్గరికి వచ్చి వెళ్లిన నెలా రెండు నెలలకి ఆయన ఒక రోజు నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. తనకీ ఉందని, ఎక్కడో రహస్యంగా పరీక్ష చేయించుకున్నాడని. క్లినిక్కుకి పోదాం పదండి, నేను పక్కనే ఉంటాను అన్నాను. రానన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను. రానన్నాడు. కళ్లెదుట కరిగిపోతున్న మనిషిని చూస్తూ నేనొక్కదాన్నే మాత్ర మింగడం నావల్ల కాలేదురా. రొట్టెలు కోసే కత్తితో మాత్రని మధ్యకి కోసి చెరి సగం వేసుకున్నాం. ఆకలేస్తే ఒక రొట్టెని ఇద్దరు తింటారు కదా, మందు కూడా అంతే అనుకున్నాను. ఇద్దరం సగం సగం బతుకుతాం అనుకున్నాను.

డాక్టరమ్మకి నిన్న అంతా చెప్పేశాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "సగం మందు వైరస్‌ని చంపదమ్మా, దానికి కసరత్తు నేర్పుతుంది" అంది. ఆ మందు ఇక నా మీద పనిచెయ్యదు. ఆయన మీదా పనిచెయ్యదు. ఆయన ప్రాణం కాపాడదామని నా మందు పోగొట్టుకున్నాను, ఆయన్నీ కాపాడలేకపోయాను.

నీకు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నా చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. "వాడు నన్ను తండ్రిలా చూస్తాడు. వాడికి మాత్రం తెలియనివ్వకు, వాడి ముందు నేను తలెత్తుకోలేను" అన్నాడు. ఒట్టు వేశాను.

అక్క

*

సైకిల్ షాపు మీది గది

అక్కా,

ఈ ఉత్తరం శనివారమే నీకు అందాలని మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆదివారం నీ ఎదుట నిలబడి ఈ మాటలు చెప్పే ధైర్యం నాకు లేదు.

నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

బావ వచ్చింది బెల్టు కోసం కాదు. ఇదిగో ఈ మంచం మీద కూర్చుని, "బామ్మర్దీ, నాకూ ఉందిరా, నూట తొంభై ఉందట" అన్నాడు. ఊరి క్లినిక్కుకి చచ్చినా వెళ్లనన్నాడు. నేనే నాలుగో అంతస్తుకి తీసుకెళ్లాను. బయట నిలబడ్డాను. నెలకి సరిపడా మాత్రలతో బయటికి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు కూడా. ఎవరికీ తెలియకుండా నెలనెలా వచ్చి తీసుకెళ్తానన్నాడు. "మీ అక్కకి చెప్పకు. నా నుంచే తనకి వచ్చిందని తేలిపోతే ఆ మొహం నేను చూడలేను. మందు వేసుకుని లెక్క కాస్త పెరిగాక నేనే చెప్పుకుంటాను" అన్నాడు. నేనూ ఒట్టు వేశాను.

ఆ తర్వాత ప్రతి నెలా ఫోన్ చేసి, మందు తీసుకెళ్లావా అని అడిగేవాణ్ణి. "పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయానురా, నీ పని చెడగొట్టడం ఎందుకని కలవలేదు" అనేవాడు. నమ్మాను. అదే భవనంలో, అదే లిఫ్టులో రోజూ పైకీ కిందికీ తిరుగుతున్నవాణ్ణి, నీ సంగతి అడగడానికి నాలుగో అంతస్తులో దిగానే గానీ, మొన్నటిదాకా ఆయన సంగతి ఒక్కసారీ వాకబు చెయ్యలేదు. చేస్తే ఆయన మాట మీద నాకు నమ్మకం లేనట్టవుతుందనుకున్నాను. నేను మెలిపెడతానన్న చెవి ఎదురుగానే ఉంది. మర్యాద అడ్డొచ్చింది.

నీ లెక్క పడిపోతున్నప్పుడు, ఆయన మందు వేసుకుంటున్నాడు, అక్కకే ఏదో అయింది అనుకున్నాను. తినడం లేదా, పసరు తాగావా అని నిన్ను పీడించాను. బావ సంగతి ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు, "లేదురా, ఆయన నా మాత్ర పంచుకుంటున్నాడు" అని తిరిగి రాసేదానివి. అంతే కదా? ఒక్క ఉత్తరం. దాంతో తేలిపోయేది.

ఆదివారం వస్తున్నాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా వస్తాను.

తమ్ముడు

*

బేకరీ పైన, మా గది

తమ్ముడూ,

నువ్వు బస్సెక్కాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. రెండు గదులు ఇంత పెద్దవని నాకు తెలియదు.

శ్మశానం నుంచి వచ్చాక మనిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నేను గిన్నెలు తోమాను. నీ మీద నాకు కోపం ఉందనుకుని వెళ్లిపోయావు. లేదు. ఉన్నా అది నా మీద ఉన్న కోపంలో చిల్లర ముక్క.

నువ్వు మందుల షాపుకి వెళ్లినప్పుడు, చివరి గురువారం సాయంత్రం, ఆయనకి కాసేపు తెలివి నిలబడింది. నీకు చెప్పాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను, నోరు రాలేదు. రాసి పడేస్తున్నాను.

మీ ఊరి ఆసుపత్రికి రెండో నెల కూడా వచ్చాడట. నాలుగో అంతస్తు దాకా ఎక్కాడు. అక్కడి బల్ల మీద మన బేకరీకి పిండి వేసే ఆయన కూర్చుని ఉన్నాడు. ఎవరిని చూడటానికి వచ్చాడో, తన కోసమే వచ్చాడో, ఈయన ఆగి చూడలేదు. మెట్ల మీదుగా దిగి బస్సెక్కేశాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

నేను అడిగాను. "నాకు ఒక మాట, వాడికి ఒక మాట చెప్పి ఇద్దరి నోళ్లూ ఎందుకు కట్టేశారండీ?"

ఆయన మెల్లగా అన్నాడు: "మీరిద్దరూ చిన్నప్పటి నుంచి ఒకరి దగ్గర ఒకరు ఏదీ దాచరు కదే. ఎవరో ఒకరు ఒట్టు తప్పుతారులే అనుకున్నాను. తప్పితే ఇద్దరూ కలిసి వచ్చి నా రెక్క పట్టుకుని లాక్కెళ్తారు. అప్పుడు ఎలాగూ వెళ్లక తప్పదు కదా అనుకున్నాను." కాస్త ఆగి, "మీరు మరీ మంచివాళ్లయిపోయారు" అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది.

ఆ తర్వాత ఆయన అర్థమయ్యేలా ఏమీ మాట్లాడలేదు. నీకు తెలుసు.

ఇంకో ఏడాది ముందు వచ్చి ఉంటే అని డాక్టరమ్మ ఆయన పోయిన రోజు ఒక్కసారే అంది. అని నాలుక కరుచుకుంది. నేను మాత్రం పొద్దస్తమానం అంటూనే ఉన్నాను, నాలో నేను.

అక్క

*

సైకిల్ షాపు మీది గది

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడం చేతకాలేదు. "మీరు మరీ మంచివాళ్లయిపోయారు" దగ్గరికి వచ్చేసరికి మడిచి పెట్టేస్తున్నాను.

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటికి చూస్తాను. ఎవరో ఒకరు మెట్ల వైపు నడుస్తూ కనిపిస్తారు. వాళ్లు ఎక్కడికి పోతున్నారో నాకేం తెలుసు? అయినా తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెడతాను.

నర్సుకి అంతా చెప్పాను. ఆవిడ నాకు ధైర్యం చెబుతుందనుకున్నాను, ఆవిడే బల్ల మీద తల పెట్టుకుంది. రెండో నెల రానివాళ్లకి ఫోన్ చేస్తారట. బావ రాసిచ్చిన నంబరుకి చేస్తే ఎవరో పూలకొట్టువాడు ఎత్తాడట.

నీ కొత్త మందు ఎలా ఉంది? లెక్క ఎంత? ఈసారి లెక్క ఒక్కటే రాయకు. ఏం తిన్నావు, ఎవరితో పోట్లాడావు, చిట్టి ఏం పగలగొట్టింది, అన్నీ రాయి. నేను కూడా అన్నీ రాస్తాను. మొదటి సంగతి: ఈ నెల మూడుసార్లు పనికి పోలేదు, మంచం మీదే పడుకున్నాను. ఇది ఇంకెవరికీ తెలియదు. నీకు చెబుతున్నాను.

తమ్ముడు

*

బేకరీ, గల్లా పక్కన

బక్కోడా,

పనికి పో. లేదా ఇక్కడికి వచ్చి పడుకో. ఒంటరిగా మాత్రం పడుకోకు.

కొత్త మందు రెండు పూటలా వేసుకోవాలి. కడుపులో కాస్త తిప్పుతుంది. లెక్క రెండొందల తొంభై. ఎక్కుతోంది గానీ మెల్లగా, మోకాళ్ల నొప్పులున్న ముసలామె మెట్లెక్కినట్టు. ఈ మందు కూడా పాడుచేసుకుంటే తర్వాత దారులు తక్కువని డాక్టరమ్మ ముందే చెప్పింది. పాడుచెయ్యను. చిట్టి గడియారం చూసి నిలబడుతుంది, మింగేదాకా కదలదు. దానికి ఎందుకో చెప్పాను. "నాన్న కూడా ఇలాగే మింగి ఉంటే ఉండేవాడా?" అని అడిగింది. ఉండేవాడు తల్లీ అన్నాను. అబద్ధం చెప్పలేదు.

బేకరీ తెరిచాను. ఆయన దగ్గర పని నేర్చుకున్న పెద్దాయన పొయ్యి చూస్తున్నాడు, నేను పిండి కలుపుతున్నాను. మీ బావ ఏ జబ్బుతో పోయాడని ఒకావిడ అందరి ముందూ అడిగింది. చెప్పేశాను. నాకూ ఉంది, మందు వేసుకుంటున్నాను అని కూడా చెప్పాను. చేతిలో రొట్టె పట్టుకుని ఆవిడ అలాగే నిలబడిపోయింది.

మర్నాడు సగం మంది రాలేదు. ఎదుటి హోటలువాడు ఆర్డరు మానేశాడు. ఆయన చెప్పిందే నిజమైంది అనుకున్నాను. వారం తిరిగేసరికి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కొందరు మొహం చూడకుండా తీసుకుంటారు. కొందరు మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడి మాట్లాడతారు. హోటలువాడు ఇంకా రాలేదు, రాడు కూడా. మిగతావాళ్లు చాలావరకు వస్తున్నారు. పిండి వేసే ఆయన కూడా మూటలు దించి నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు.

జనం తిరిగి వచ్చిన రోజు నేను ఏడ్చానురా. రాకపోయినా అంత ఏడ్చేదాన్ని కాదు. ఆయన భయంలో సగమే నిజం. ఆ సగానికి మేం ఎలాగో తట్టుకునేవాళ్లం.

నిన్న క్లినిక్కుకి వెళ్లాను. గేటుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, తాళం వేసిన కొట్టు ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. నేను లోపలికి పోయేటప్పుడూ ఉన్నాడు, డాక్టరమ్మని చూసి, మందుల దగ్గర వరస పెద్దదిగా ఉందని కాసేపు బయటికి వచ్చినప్పుడూ ఉన్నాడు. చేతిలో గొడుగు, ఎండా లేదు, వానా లేదు. ఎందుకో నా కాళ్లు అటే నడిచాయి. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఎవరికోసమండీ?" అన్నాను.

"బస్సు కోసం" అన్నాడు.

"ఇక్కడ బస్సు ఆగదండీ."

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. రెండు లారీలు పోయాయి. మీ బావకి నేను మాత్ర సగం చేసి ఇచ్చాను. పట్టుబట్టి ఇలా పక్కన నిలబడి ఉండాల్సింది, ఎంతసేపైనా, ఎన్ని రోజులైనా. అది నాకు ఆ రోడ్డు మీద తెలిసింది.

"నేను లోపలికే పోతున్నాను. నా మందు ఇంకా తీసుకోలేదు. నేను బేకరీ ఆవిణ్ణి, నన్ను అందరూ ఎరుగుదురు. మీరు నా వెనకే వస్తే అందరూ నన్నే చూస్తారు, మిమ్మల్ని ఎవరూ చూడరు" అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి, గొడుగు విప్పాడు.

ఇద్దరం రోడ్డు దాటాం.

అక్క